పిడుదులు లేవన్న ధ్రువపత్రం రద్దు కోరుతూ

పశువైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పశువుల కొట్టములో నెత్తురు పీల్చే పిడుదులు లేవని తాము దయతో దయచేసిన ధ్రువపత్రమును, అది పుచ్చుకున్నవాడి కోరిక మీదనే, తక్షణం రద్దు చేయుట గురించి.

1. గత వేసవిలో తమరు తనిఖీకి విచ్చేసి, కొట్టంలో తెల్ల దుప్పటి పరిపించి, గంటసేపు చూసి, ఒక్క పురుగూ ఎక్కలేదని సంతకం చేసియున్నారు. తమ తప్పు లేదు. ముందురోజే నేను కొట్టమంతా పొగబెట్టి, గోడ పగుళ్ళకు తడిమట్టి మెత్తేశాను. పిడుదులున్నాయని తేలితే కొట్టం కాల్చేయమంటారని భయం. దాన్ని ఆనుకున్న గదిలోనే మా కాపురం మరి.

2. మట్టి ఎండి రాలిపోయినది. లోపలున్నవి పశువుల వైపు పోక, గోడ పక్క మంచం మీదున్న మా ఆవిడ దగ్గరికి వచ్చినవి. "ఏమండీ, మెడ దగ్గర ఏదో కుట్టింది, కాస్త చూడరూ" అంది. "నీకన్నీ అనుమానాలే, పడుకో" అన్నాను. చూడలేదండీ. పదకొండు రోజుల జ్వరంతో పోయింది.

3. తదుపరి పశువులను మా అన్నయ్య తోలుకుపోయినాడు. కొట్టం ఖాళీ. అయినను, మిట్టమధ్యాహ్నం నేను గోడ దగ్గర కూర్చుని ఊపిరి వదిలితే చాలు, బయటికొస్తాయి. తొందరేమీ ఉండదు వాటికి, అయినవాళ్ళింటికి వచ్చినట్టు వస్తాయి. తనిఖీనాడు ముందుజాగ్రత్తకని తమరిచ్చిన పురుగులమందు సీసా మూత కూడా తీయలేదు. వాటి కడుపులో ఉన్నది ఆవిడ నెత్తురేనని నా మనసుకు పట్టుకుంది. పిచ్చి అనుకోండి. ఆవిడది ఒక్క ఫొటో కూడా లేదయ్యా నా దగ్గర. ఎలా చంపను?

4. ఇదిలా ఉండగా మా అన్నయ్య ఈ కొట్టమును, గదిని ఒక పాలవాడికి అప్పగించినాడు. సోమవారం దిగుతారట. చంటిపాప ఉంది. నేను వద్దు మొర్రో అంటే, తమ ధ్రువపత్రం నకలు తీసి నాకే చూపిస్తున్నాడు.

కావున తమరు సదరు ధ్రువపత్రమును రద్దుచేసి, కొట్టమును, గదిని, మంచంతో సహా తగలబెట్టించ ప్రార్థన. నా చేత్తో నిప్పు పెట్టలేను. మనిషిని పంపండి. మోసగించినందుకు ఏ శిక్షయినా సరే, ముందు ఈ పని జరిగేలా చిత్తగించవలెను.

తమను మోసగించిన,
తమ విధేయుడు,
కొట్టం యజమాని తమ్ముడు

తా.క.: ఇది మడత పెడుతుండగానే పాలవాడు రెండు రోజుల ముందే దిగిపోయాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఏంటి బాబాయ్, డాక్టరుగారే లేవని రాసిచ్చాక నీకెక్కడ కనిపిస్తున్నాయి?" అని నవ్వాడు. "పాపం, పిన్ని పోయిన దగ్గర్నుంచీ ఇంతేలే" అంటూ వాళ్ళావిడ నన్ను పక్కకు జరిపి, పాపను ఆ మంచం మీదే పడుకోబెట్టింది. ఇప్పుడే చూశాను. పాప చెవి వెనక ఒకటి పట్టుకుని ఉంది. లాగి, నలిపేశాను. నా వేలంతా నెత్తురు. గోడలోంచి ఇంకా వస్తున్నాయి, నా ఒక్కడి వల్ల కాదు. కాగితం సంగతి తర్వాత, ముందు మీరు బయలుదేరండి.