‘టేక్’ కింద ఉదాహరణలు

బాబాయికి,

మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మీ ప్రెస్సులో అచ్చయి వచ్చింది. నేను కూర్చిన పుస్తకానికి అట్ట మీద మీ అల్లుడి పేరు ముచ్చటగా కుదిరింది.

ఒకసారి ‘టేక్’ అనే మాట దగ్గర తెరవండి. తీసుకోవడం, పట్టడం, భరించడం, అర్థాలన్నీ ఉన్నాయి. “ఉదాహరణలెవరు చదువుతారే, ఏదో ఒకటి రాసి పడెయ్” అన్నారుగా. అట్ట మీద నా పేరు కొట్టేశారని తెలిసిన రోజే, చివరి ప్రూఫుల్లో రాసి పడేశాను.

‘లాక్కోవడం’ దగ్గర: బాబాయి అన్నకూతురి కష్టం లాక్కుని అల్లుడి చేతిలో పెట్టాడు. ‘కొట్టేయడం’ దగ్గర: అక్షరం ముక్క రాని అల్లుడు పేరంతా కొట్టేశాడు.

ఈ ఏడాది బడిపిల్లలంతా వీటినే వల్లె వేస్తారు. రాసిందెవరని ఎవరైనా అడిగితే కంగారుపడి నా పేరు చెప్పకండి. అట్ట మీద ఉన్న పేరే చెప్పండి.

మీ అన్నకూతురు