కుడి డబ్బా పక్కన

దిల్‌సుఖ్‌నగర్,
సకల జనుల సమ్మె రెండో వారం.

రామ్మోహన్‌కు,

నలుగురిలో 'మీరు' అనీ, ఇద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు' అనీ పిలిచే అలవాటు కదా. ఉత్తరంలో ఏమని రాయాలో తెలియక కాసేపు కలం పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఉత్తరంలో కూడా మనం ఇద్దరమే కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఈ పాతకాలపు పని ఏమిటని నవ్వుకోకు. ఫోన్‌లో నేను సగం చెప్పేలోపే నువ్వు అందుకుంటావు. నువ్వు సగం చెప్పేలోపే నేను పెట్టేస్తాను. ఇక్కడ బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. పోస్టాఫీసు ఢిల్లీవాళ్ళది కాబట్టి అదొక్కటి తెరిచి ఉంటోంది.

మీర్‌పేటలో మా బడికి తాళం వేశాం. పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో శిబిరానికి వెళ్ళి, మిగతా టీచర్లతో పాటు కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికి వస్తాను. అక్కడ ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నినాదాలు, పాటలు, ఎవరో తెచ్చిన పులిహోర. ఇంటికొచ్చి తాళం తీసిన దగ్గర నుంచే కష్టం. ఎదురు హాస్టల్ పిల్లలు కోచింగులు ఆగిపోయి ఊళ్ళకు వెళ్ళిపోయారు. దిద్దడానికి నోటుపుస్తకాలు కూడా లేవు. నువ్వు వెళ్ళి ఏడాది కావస్తున్నా బియ్యం కొలిచే నా చెయ్యి ఇంకా ఇద్దరికే పోస్తోంది. రాత్రి మిగిలింది పొద్దున తాలింపు వేసుకుని తింటున్నాను. నీ మీద బెంగతో రాస్తున్నానని అనుకోకు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. విజయవాడలో ఇల్లు తీసుకోబోతున్నావు, ఒక్కరికా ఇద్దరికా దసరా లోపల చెప్పమన్నావు. ఒక్కరికే తీసుకో. నేను రాను.

ఇక స్పీకర్ల సంగతి. పుస్తకాలు నీవి, గ్రైండరు నాది, మిగతావి ఎవరివైనా ఒకటే. ఆ స్పీకర్ల జత మాత్రం ఇద్దరిదీ. పెళ్ళయ్యాక మొదటి దసరాకి చెరిసగం వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాం. ఆటోలో చెరొక డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చాం. అవి ఎంత పెద్దవంటే దిల్‌సుఖ్‌నగర్ దాకా వాటి వెనక నుంచి మాట్లాడుకోవడమే తప్ప ఒకరి మొహం ఒకరికి కనిపించలేదు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. నువ్వు ఎదురుగోడకు ఆనించిన నీ పేము కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, "వాయిద్యాలున్నాయి, గొంతు లేదు" అన్నావు. నేను కుడి డబ్బా పక్కన నా బల్ల దగ్గర నోటుపుస్తకాలు దిద్దుకుంటూ, గొంతు నిండుగా ఉందనీ, నీ చెవులే చూపించుకోవాలనీ అన్నాను. పదమూడేళ్ళు ఇదే పంచాయితీ. ఇంటికొచ్చిన చుట్టాలకు టీతో పాటు ఇది కూడా వడ్డించేవాళ్ళం.

ఆ బంద్ రోజు జరిగింది నువ్వు మర్చిపోయి ఉండవచ్చు. మీ పెదనాన్న కొడుకు మల్లికార్జునరావు విజయవాడ నుంచి కుటుంబంతో పెళ్ళికి వచ్చి, బస్సుల్లేక మనింట్లో చిక్కుపడ్డాడు. ఆయన కూడా వినేసి, గొంతు సరిగా రావడం లేదే అన్నాడు. నువ్వు నవ్వుతూ, "వీళ్ళవాళ్ళకి డప్పు మోత వినిపిస్తే చాలురా, గొంతుతో పనిలేదు," అన్నావు. అందరూ నవ్వారు. నేను టీలు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఖాళీ గిన్నె కడిగాను. మా ఊళ్ళో డప్పు లేనిదే బతుకమ్మ లేదు, చావు లేదు. ఆ మోతలో గొంతు వినిపించకపోతే మా ఊళ్ళో పాటలే పుట్టేవి కావు. అది నీకు ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. అది ఇప్పటికీ నా గొంతులో అట్లాగే ఉంది.

మన ఇంటి ఓనరు అండాలమ్మ శిబిరంలో పాటల కోసం స్పీకర్లు అడుగుతోంది. సగం నీవి కాబట్టి అడుగుతున్నాను, ఇచ్చెయ్యనా? నువ్వెట్లాగూ గొంతు లేదంటావు. శిబిరంలో మావాళ్ళకు డప్పు మోత చాలు. వారంలో జవాబు రాకపోతే సరేనన్నావని అనుకుంటాను.

ఇట్లు,
డబ్బాల్లో సగానికి యజమాని,
విజయశ్రీ

*

దిల్‌సుఖ్‌నగర్,
గురువారం సాయంత్రం.

రామ్మోహన్,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపే ఇంకొకటి రాయాల్సి వచ్చింది. మొదటి ఉత్తరం చదివి కోపంగా ఉంటే, ఆ కోపం అట్లాగే పక్కన పెట్టుకుని ఇది కూడా చదువు.

నిన్న మధ్యాహ్నం అండాలమ్మ మెట్లు దిగి వచ్చింది. శిబిరానికి తీసుకుపోయే ముందు డబ్బాలు ఎట్లా మోగుతాయో ఒకసారి వింటానంది. ఆమె సంగతి నీకు తెలుసు. ఈ వీధంతా వాళ్ళ ద్రాక్షతోటగా ఉన్నప్పుడు గుత్తులు బేరం చేసిన మనిషి, ఏదీ వినకుండా, చూడకుండా తీసుకోదు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేక నీ పేము కుర్చీలో కూర్చుంది. నువ్వు వెళ్ళాక అందులో ఎవరూ కూర్చోలేదు. వద్దనబోయి ఊరుకున్నాను. పాట పెట్టి నేను అలవాటుగా నా బల్ల దగ్గరికి వచ్చాను. ఆమె కాసేపు అటూ ఇటూ మెడ తిప్పి చూసి, "ఏంది టీచరమ్మా గిది, వాయిద్యాలన్నీ రెండు దిక్కులా మోగుతున్నయి గని, పాడెటామె ఎటు పోయింది? పక్కింట్ల కూసొని పాడుతున్నట్టున్నది," అంది.

నువ్వు ఇన్నేళ్ళూ అన్న మాటే అది. మీవాళ్ళలో ఎవరో అని ఉంటే ఇంకో తిట్టు కింద లెక్క వేసుకునేదాన్ని. అన్నది అండాలమ్మ. ఉద్యమం అంటే ప్రాణం ఇచ్చే మనిషి. నీ పేరు కూడా ఆమె సరిగా పలకదు. ఇట్లాంటి డబ్బాలు శిబిరంలో పెడితే పరువు పోతుందని చెప్పి, టెంట్ హౌస్ వాళ్ళను అడుక్కుంటానని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక తలుపు వేసి, పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టి, వెళ్ళి నీ కుర్చీలో కూర్చున్నాను. పదమూడేళ్ళలో అదే మొదటిసారి. సాయంత్రాలు అది నీది, బల్ల నాది. ఎవరూ గీత గీయలేదు, అయినా ఎవరూ దాటలేదు. తబలా ఎడమపక్క ఉంది, వీణ కుడిపక్క ఉంది. మధ్యలో మనిషి ఉండాల్సిన చోట ఎవరూ లేరు. గొంతు ఎక్కడో గోడల్లోంచి పలచగా వస్తోంది. లేచి నా బల్ల దగ్గరికి వస్తే నిండుగా ఉంది. మళ్ళీ నీ కుర్చీలో కూర్చుంటే లేదు. పిచ్చిదానిలా ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో. నువ్వు అబద్ధం చెప్పలేదు రామ్మోహన్. నేనూ చెప్పలేదు. నీ కుర్చీలోంచి నువ్వు విన్నది నువ్వు చెప్పావు, నా బల్ల దగ్గర నేను విన్నది నేను చెప్పాను. ఒకసారి లేచి అవతలివాళ్ళ చోట కూర్చుని చూద్దామని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

తర్వాత ఎడమ డబ్బా ఒక్కటే మోగించాను. గొంతు బ్రహ్మాండంగా వచ్చింది. కుడిది ఒక్కటే మోగించాను. అదీ అంతే. రెండూ కలిపితేనే పోతోంది. అప్పుడు డబ్బాలు గోడ నుంచి లాగి వెనక చూశాను. దుమ్ము తుడిచేసరికి కొన్న రోజు మొత్తం గుర్తొచ్చింది. ఎవరి డబ్బాకు వాళ్ళమే తీగ పెట్టుకుందామని పందెం వేసుకున్నాం కదా. ఆంప్లిఫయర్ దగ్గర రెండింటికీ నువ్వే పెట్టావు. ఆ తర్వాత ఎడమ డబ్బా నీది, కుడిది నాది. తీగలో రెండు పోగులు, ఒకదాని మీద నల్లగీత. డబ్బా వెనక ఒక ఎర్ర క్లిప్పు, ఒక నల్ల క్లిప్పు. గీత ఉన్నది ప్లస్ అని నీ లెక్క, అందుకని ఆంప్లిఫయర్ దగ్గరా, నీ డబ్బా దగ్గరా దాన్ని ఎర్రదానికి పెట్టావు. నల్లగీత కాబట్టి నల్లదానికే పెట్టాలని నా లెక్క. ఎవరి లెక్క వాళ్ళకు ఎంత సహజంగా ఉందంటే, నువ్వెట్లా పెట్టావని రెండోవాళ్ళను అడగను కూడా లేదు. నేనే ముందు పూర్తిచేసి గెలిచానని చప్పట్లు కొట్టాను. ఒక డబ్బా ముందుకు నెట్టిన గాలిని రెండోది వెనక్కి లాగుతూ, ఇన్నేళ్ళూ ఒకదాని గొంతు ఒకటి మింగేశాయి. ఇది నీ పాఠమే. తరంగాల బొమ్మ బోర్డు మీద వేలమంది పిల్లలకు గీసి ఉంటావు. ఇంట్లో డబ్బా వెనక మాత్రం ఒక్కసారి తొంగిచూడలేదు, మహానుభావుడా.

ఇప్పుడు నేను దాచుకున్నది చెప్తాను. మొన్న రాసింది నీ తప్పు ఒక్కటే. ఆ బంద్ రోజు రాత్రి చుట్టాలు పడుకున్నాక నేను నీతో అన్న మాట రాయలేదు. "గంత నచ్చకపోతే పొండ్రి మీ ఊరికి, ఎవరాపిండ్రు," అన్నాను. అది గోడల మీద రాసిన మాట. గోడ మీద చదివితే నాకూ నచ్చని మాట. నీతో అని చూసేసరికి నీ మొహం మారిపోయింది. మర్నాడే నువ్వు మీ కాలేజీలో విజయవాడ బ్రాంచికి బదిలీ అడిగావు. నువ్వు కోపంతో వెళ్ళావని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నేను పొమ్మంటే వెళ్ళావు. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళున్న నిన్ను నీ ఇంట్లోనే పరాయివాణ్ణి చేశాను. ఏడాదిగా నన్ను తింటున్నది డప్పు మాట కంటే ఇదే ఎక్కువ.

అట్లాగని డప్పు మాట మాఫీ అయిపోలేదు. తీగ సరిచేస్తే పాట సరవుతుంది, మాట సరికాదు. నాకు తెలంగాణ కావాలి. రేపు కూడా శిబిరానికి వెళ్తాను. నువ్వూ కావాలి. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండవని నీకు ఎవరు చెప్పారో, నాకు ఎవరు చెప్పారో తెలియదు.

నా డబ్బా వెనక పోగులు తిప్పి పెట్టాను. ఇప్పుడు నీ కుర్చీలో కూర్చుంటే గొంతు సరిగ్గా ఎదురుగా, గది మధ్యలో నిలబడి పాడుతోంది. విని చాలాసేపు ఏడ్చాను. చూపిద్దామంటే ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పుడైనా వస్తే నువ్వు కూడా తగుదునమ్మా అని నీ డబ్బా పోగులు మార్చకు. ఒకరు మారిస్తే చాలు, ఇద్దరం మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

నీ
విజయశ్రీ

*

విజయవాడ,
బుధవారం.

విజయా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. సంచిలో ఏది ముందు పడిందో ఏమో, పోస్ట్‌మన్ రెండోది ముందు ఇచ్చాడు. అందుకని ముందు ఏడ్చి, ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాను. ఆ కోపం ఎక్కువసేపు నిలబడలేదు.

డబ్బా వెనక ఎందుకు చూడలేదని అడిగావు. మొదట్లో అమ్మినవాడు మోసం చేశాడనుకున్నాను. తర్వాత్తర్వాత నీ చెవి అంతేననుకున్నాను. మన చేత్తో పెట్టిన తీగ గురించి ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. ఇవాళ క్లాసులో తరంగాల పాఠమే చెప్పాలి. సగంలో ఆగిపోయి పిల్లల్ని తొందరగా వదిలేశాను.

డప్పు మాట నేను మర్చిపోలేదు. అనగానే నాకు తెలిసింది, తప్పు మాట అన్నానని. అందరూ నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. నిన్న మల్లికార్జునరావు ఇంటికి వెళ్ళి, ఆ రోజు నవ్విన వాళ్ళందరి ముందూ కూర్చుని, ఆ మాట నాది, సిగ్గుమాలిన మాట, మా ఆవిడ ముందు అనకూడనిదీ, ఎవరి ముందూ అనకూడనిదీ అని చెప్పాను. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీక నాకు కాఫీ ఇచ్చారు. నువ్వు నమ్మకపోతే వాడికే ఫోన్ చెయ్యి. నీ 'పొండ్రి' సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ. అది విన్న రాత్రి నేను నిద్రపోలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు కాబట్టి పోతానులే, నిద్ర.

నేను కూడా ఒకటి దాచాను. ఇల్లు ఎప్పుడో తీసుకున్నాను, ఒక్కడికే. నిన్ను అడగడానికి మూడు నెలల ముందే. రావని నేనే ఖాయం చేసుకుని, ఆ తర్వాత నిన్ను అడిగాను. అందులోకి ఒక చిన్న స్టీరియో కూడా కొన్నాను. తీగలు సరిగ్గా పెట్టినట్టున్నాను, మొదటి రోజే గొంతు గది మధ్యలోకి వచ్చి నిలబడింది. పదమూడేళ్ళు నేను వెతుక్కున్న గొంతు అది. 'చూశావా' అని తల తిప్పాను. బాగానే ఉంది, నీ చెవులు చూపించుకో అనడానికి పక్కన ఎవరూ లేరు. రెండో రోజు నుంచి దాన్ని ఆన్ చెయ్యలేదు.

నువ్వు తీగ మార్చావు. ఊరు నేను మారుస్తాను. ఇద్దరం మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుందని నువ్వే అన్నావు, అందుకని నువ్వు సూట్‌కేసు కిందికి దించకు. చైతన్యపురి బ్రాంచిలో నా పాత చోటు మళ్ళీ ఇస్తారో లేదో తెలీదు. ఇవ్వకపోతే ఎదురు హాస్టల్ పిల్లలు తిరిగొచ్చాక ట్యూషన్లు చెప్పుకుంటాను. నువ్వు శిబిరానికి వెళ్ళు. నాకు ఆ నినాదాలన్నీ ఒప్పుకోవడం ఇంకా రాదు. భోజనం వేళకి అన్నం వండి ఉంచడం వచ్చు.

శనివారం బయలుదేరుతున్నాను. ఇక్కడి బస్సులు పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి, అక్కడ దింపేసి వెనక్కి తిరుగుతున్నాయట. అక్కడి నుంచి ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. బియ్యం ఇద్దరికే కొలువు.

ఇంకొక్క సంగతి. రెండు డబ్బాల మధ్య గొంతు సరిగ్గా ఎదురుగా వినిపించే చోటు ఒక్కరికే ఉంటుంది, విజయా. ఆ పేము కుర్చీ ఇక నీది. నేను కుడి డబ్బా పక్కన నీ బల్ల దగ్గర కూర్చుంటాను. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటాను.

ఇట్లు,
మిగతా సగానికి యజమాని,
రామ్మోహన్