పిచ్చుక ఫొటో కింద మాట

నాన్నా, నేను కులాసా. జలుబు తగ్గింది, బెంగ పడకు.

అన్నయ్య కెమెరాతో మా హాస్టల్ కిటికీ పైన గూడు కట్టిన ఊరపిచ్చుకను పన్నెండు రోజులు కాపు కాసి ఫొటో తీశాను. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?" అని గదిలో వాళ్లు ఒకటే నవ్వు. ముక్కున పురుగుతో పిల్లల దగ్గరికి వచ్చింది కదా అని, కింద "తల్లి పిచ్చుక" అని రాసి మా జువాలజీ మాస్టారికి ఇచ్చాను. మాస్టారు దాని గొంతు మీది నల్లమచ్చ చూపించి, "తల్లి కాదు తల్లీ, తండ్రి!" అన్నారు. ఆ ఒక్క మాట దిద్ది, కాలేజీ గుమ్మంలోనే తగిలించారు. వచ్చేపోయేవాళ్లంతా ఆగి చూస్తున్నారు!

అన్నయ్య కెమెరా తిరిగి అడుగుతున్నాడు. పిల్లలు ఎగిరేదాకా ఆగమని నువ్వే నచ్చజెప్పాలి. నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ డ్యూటీ మారిందా? తనకు నా నమస్కారాలు.

అయినా నేనెలా పొరబడ్డానో! పదేళ్లు నాకు జడలు వేసి, అన్నం డబ్బా కట్టి బడికి పంపింది నువ్వే కదా.

నీ చిన్నది