కామెర్లు కావండీ

పియారా వాటర్స్, పెర్త్
మంగళవారం

ప్రభువులో నా ప్రియమైన మరియా,

ఫోనులో ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. అందుకే మెయిల్ రాస్తున్నాను.

మన బెన్‌హర్‌కి డ్రిప్ పెట్టాక తగ్గిన జ్వరం మళ్లీ ఎగబాకిందన్నావు. రక్తంలో కాలేయపు ఎంజైములు పెరిగాయనీ, స్టెరాయిడ్‌తో కలిపి రెండో డ్రిప్ ఎక్కించాలంటున్నారనీ మెసేజ్‌లో రాశావు. ఎంజైములు పెరిగితే అది కామెర్లు కాక మరేమిటి? నాలుగేళ్ల పసివాడి కాలేయాన్ని ఆ డ్రిప్పే చెడగొట్టింది! కాకినాడలో మా వీధిలో పసరు పోసి, ఉప్పూ నూనే మాన్పించి, ప్రార్థన చేస్తే ఎంతమంది లేచి తిరగలేదు? ఆసా రాజు దేవుణ్ణి వదిలి వైద్యుల వెంట పడ్డాడు. ఏమయ్యాడు? సమాధికి పోయాడు!

రెండో డ్రిప్‌కి నేను ఒప్పుకోనని ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పేశాను. గురువారం వస్తున్నాను. మన సంఘంలోని జ్ఞానప్రసూన ఆంటీ కామెర్లకని నేల ఉసిరి పొడి ఇచ్చింది. బాబుని ఇంటికి తీసుకుపోదాం. బ్రిస్బేన్ యూనివర్సిటీలో నాలుగు పుస్తకాలు చదివానని దేవుడికే పాఠం చెప్పకు.

నీ భర్త, ఆయన సేవకుడు
దయానందం


పిల్లల వార్డు, బ్రిస్బేన్
బుధవారం

నా ప్రియమైన దయానందం గారికి,

కామెర్లు కావండీ. వాడి కళ్లు పచ్చగా లేవు, ఎర్రగా ఉన్నాయి. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. మీరు తిడుతున్న ఆ డ్రిప్ పెట్టకముందు తీసిన రక్తంలోనే ఎంజైములు పెరిగి ఉన్నాయి. ల్యాబ్ చదువు చదువుతున్నదాన్ని, రిపోర్టు నా కళ్లతో చూశాను. ఒళ్లంతా రక్తనాళాలు వాచే జబ్బిది, కవాసాకి అంటారు. ఆ వాపుకు కాలేయమూ కందింది, దాని ఎంజైములు రక్తంలోకి జారాయి. అంతే. ఇలా పెరిగిన పిల్లల్లో కొందరికి ఒక్క డ్రిప్ చాలదట. ఆలస్యం చేస్తే గుండెకు రక్తం తెచ్చే నాళాలు బుడగల్లా ఉబ్బుతాయని డాక్టరమ్మ అంది.

మీ ఫోన్ వచ్చాక వాళ్లు ఆగిపోయారు. “ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి” అన్నారు. మీరు మాట్లాడనిస్తేగా? హిజ్కియా రాజు పుండుకు అంజూరపు ముద్ద వెయ్యమన్నది యెషయా ప్రవక్తే కదండీ. ఆ పేజీ మీ బైబిల్లో చిరిగిపోయిందా?

రండి. వార్డులో అడుగు పెట్టకముందే డాక్టరమ్మతో సరే అనండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

మీ
మరియరాణి


పియారా వాటర్స్
మళ్లీ మంగళవారం

నా మరియా,

చేరాను. మన గరాజ్‌లో ప్రార్థనకు కూడినవాళ్లు “బాబు గురించి సాక్ష్యం చెప్పండి బ్రదర్ గారూ” అన్నారు. లేవలేకపోయాను. నీకు చెప్పని మాట వాళ్లకెలా చెప్పను?

గురువారం నేను రాగానే నువ్వు స్నానానికి వెళ్లావు. నేనింకా సరే అనలేదు. పేతురు అత్త జ్వరాన్ని ప్రభువు గద్దించాడు కదా, నేనూ మంచం పక్కన కళ్లు మూసుకుని, చెయ్యి చాపి గద్దించాను. “పో! ఈ ఇంట్లో నీకు చోటు లేదు, పో!” గొంతు చించుకున్నాను. కళ్లు తెరిచేసరికి వాడు గోడకి అంటుకుపోయి ఉన్నాడు. ఆ పగిలిన పెదవులతో, “సారీ డాడీ. వేర్ డు ఐ గో?” అంటున్నాడు.

మరియా, పొడీ లేదు, వాక్యమూ లేదు. కారిడార్‌లోకి పరిగెత్తాను. కనబడిన నర్సునల్లా పట్టుకుని “గివ్ ఇట్, గివ్ ఇట్” అన్నాను. ఆ క్షణాన నోటికి వచ్చిన ఇంగ్లీషు అంతే.

జ్వరం మళ్లీ రాలేదనీ, ఎంజైములు దిగుతున్నాయనీ నిన్న రాశావు. స్కానులో ఒక నాళం కాస్త ఉబ్బి కనిపించిందనీ రాశావు. నావల్ల డ్రిప్ ఆగిపోయినందుకేనా అని డాక్టరమ్మని అడిగావా? అడగకు. అడిగితే నా దగ్గర దాచకు.

నేనక్కడున్నన్నాళ్లూ నేను దగ్గినా వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. డాడీ తిట్టింది నిన్ను కాదు నాన్నా అంటే తలూపాడు గానీ, నా చెయ్యి పట్టుకోలేదు. నువ్వు చెప్పు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదని చెప్పు. ఇంగ్లీషులో చెప్పు, వాడికి బాగా అర్థం కావాలి.

దయానందం