సంతలో ఊరేగిన కర్చీఫు

బుకిట్ బటోక్,
ఆదివారం

థోర్న్‌స్టో దొరగారికి,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో అయితే "సర్లే, తర్వాత మాట్లాడదాం" అని తప్పించుకుంటావు. ఇదైతే చివరిదాకా చదివి తీరాలి.

ముందు సంతోషం సంగతి. నువ్వు పంపిన ఫోటోలో బజారు మధ్యన నాలుగు రాతి స్తంభాల మీద పెంకుల కప్పు ఉంది చూడు, "ఏదో పాత బస్టాపు అనుకుంటా" అన్నావే, అది బస్టాపు కాదు మహానుభావా! బటర్ క్రాస్ అంటారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు వెన్నా గుడ్లూ తెచ్చి ఆ నీడన కూర్చుని అమ్మేవాళ్లట. ఆ ఊరి చరిత్ర సంఘం వాళ్లు ఆన్‌లైన్‌లో ఉపన్యాసాలు పెడుతున్నారు. నేను ఒక్కటీ వదల్లేదు. గొర్రెల వీధి అంత వెడల్పుగా ఎందుకుందో తెలుసా? సంతరోజున మందలన్నీ అక్కడే నిలబడాలి మరి. రాత్రి ఎనిమిదింటికి చర్చిలో గంట ఎందుకు కొడతారో తెలుసా? పూర్వం ఇళ్లు తగలబడకుండా పొయ్యిలు ఆర్పుకోమని చెప్పడానికట. ఇప్పుడు ఆర్పడానికి పొయ్యిలు లేకపోయినా కొడుతూనే ఉన్నారు! నాకు ఒళ్లు పులకరించింది. మా అమ్మమ్మ తుని సంతలో నెయ్యి కొనేముందు చేతి వెనక రాసుకుని వాసన చూసేది. ఆవిడ ఆ స్తంభాల మధ్య బేరమాడుతున్నట్టే అనిపించింది. ఇక్కడ నలభై ఏళ్ల అపార్ట్‌మెంటు బ్లాకునే ముసలిదంటారు కదా, మరి వందల ఏళ్ల ఆ ఇంగ్లీషు ఊరిని ఏమనాలి? నా గోల భరించలేక అనన్య, "అమ్మా, యూ ఆల్రెడీ లివ్ దేర్ లా!" అంటోంది.

ఇక అసలు సంగతి. శుక్రవారం చాంగీ బిజినెస్ పార్కులో, మా ఆఫీసు దగ్గరి ఫుడ్‌కోర్టులో, టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ ఆపుకున్నాను, ఇక్కడివాళ్ల మాటలో చోప్ చేశాను. ప్లేటు తెచ్చుకుని కూర్చునేసరికి నీ ఫ్రెండ్ వరుణ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మాటల్లో నోరు జారాడు.

"కంపెనీవాళ్లు పృథ్వీని అక్కడే పర్మనెంటుగా ఉండమన్నారంట కదా వదినా. మీకు ఆ చిన్న ఊరు పడదని నో చెప్పేస్తానంటున్నాడు. మంచి ఆఫర్ పోగొట్టుకుంటాడేమో."

ప్లేటు పక్కకు తోసేశాను. దాచినందుకు కూడా కాదు పృథ్వీ, నా జవాబు నన్నడక్కుండా నువ్వే చెప్పేస్తున్నందుకు ఏడుపొచ్చింది. మన ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపేవాళ్లు. ఇక్కడ టిష్యూ ప్యాకెట్టు. ఎక్కడైనా మనిషి తనవాళ్ల కోసం సీటు ఆపుతాడు. నువ్వేమో నా సీటు ఊరికే వదిలేస్తున్నావు. నెలాఖరులోగా చెప్పాలటగా? నాకు రావాలని ఉంది. అక్కడ ఇంటినుంచే పని చేసుకోవచ్చని మా మేనేజరు ఒప్పుకుంది కూడా. నీకు వద్దనుకుంటే వద్దను, నేనేమీ అనను. నా పేరు మాత్రం అడ్డం పెట్టుకోకు.

ఇంకా కోపం తగ్గని
నీ భువన

*

థోర్న్‌స్టో,
సంతరోజు

చరిత్ర పంతులమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. పడనిది నీకు కాదు భువనా, నాకు. ఆఫీసు, గది, పెరుగన్నం, అంతే నా లోకం. వచ్చి ఆరు నెలలైనా ఈ ఊళ్లో గుడ్ మార్నింగ్ దాటి ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఇక్కడే ఉండిపోవాలంటే భయమేసింది. ఆ మాట బయటికి చెప్పుకోలేక నీ పేరు చెప్పాను.

ఇవాళ నీ ఉత్తరం జేబులో పెట్టుకుని సంతకెళ్లాను. బటర్ క్రాస్ కింద బెంచీ ఖాళీగా ఉంటే, అలవాటు కొద్దీ కర్చీఫు వేసి టీ తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్లు కూర్చున్నారు. నా కర్చీఫేమో సంతలో ఊరేగుతోంది! గుడ్లమ్మే ముసలావిడ దాన్ని గొడుగు కొసకు తగిలించి, "ఎవరో పాపం పారేసుకున్నారు, ఎవరిదమ్మా ఇది?" అని కేకలేస్తోంది.

నాదేనన్నాను. సీటు కోసం వేశానంటే ఆవిడ నమ్మలేదు. "గుడ్డముక్క సీటెలా ఆపుతుంది నాయనా?" అని పక్క కొట్లవాళ్లను కూడా పిలిచి మళ్లీ చెప్పించింది. బస్సు కిటికీ, తువ్వాలు, టిష్యూ ప్యాకెట్టు, అన్నీ నటించి చూపించాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఈ ఊరొచ్చాక మొదటిసారి. ఆ ఊపులో నీ వెన్న సంగతి ఎత్తాను. ఆవిడ గబగబా నన్ను లాక్కెళ్లి, వాళ్ల అమ్మమ్మ ఏ స్తంభానికి ఆనుకుని కూర్చునేదో చూపించింది. ఇవన్నీ నీకెవరు చెప్పారని అడిగింది.

"మా ఆవిడ."

"మరి ఆవిడేదీ?"

కర్చీఫు జేబులో పెట్టుకున్నాను. తిన్నగా ఆఫీసుకెళ్లి, ఉంటామని చెప్పేశాను. ఈసారి నీ మాటగా నీ మాటే చెప్పాను.

కానీ ఆ బెంచీ మాత్రం నేను ఆపలేను. ఇక్కడ కర్చీఫు చెల్లదు భువనా, మనిషే వచ్చి కూర్చోవాలి. త్వరగా రా.

నీ బస్టాపు దొర,
పృథ్వీ