నలభై ఏడు తర్వాత

లింకన్, 1860 ఆగస్టు 6

గౌరవనీయులైన ప్రొఫెసర్ థాక్‌వెల్ గారికి పార్జెటర్ నమస్కరించి రాసేది.

స్పెయిన్ ఎండకు లేచిన బొబ్బలు మానాయనుకుంటాను. ఉత్తరాది వేధశాలలో సహాయకుడి ఉద్యోగం ఖాళీ అయింది. మీరు నాలుగు మంచి ముక్కలు రాస్తే అది నాదే. పదకొండేళ్లుగా బడిలో ఎక్కాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. సెప్టెంబరు నెలాఖరు గడువు.

మీ విధేయుడు,
ఎడ్విన్ పార్జెటర్

విట్బీ, ఆగస్టు 9

పార్జెటర్‌కు,

సిఫారసా? నీకా? మొన్న స్పెయిన్‌లో గ్రహణానికి నీకప్పగించిన పని ఒక్కటే. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గడియారం చూస్తూ సెకన్లు పైకి లెక్కపెట్టాలి. అది వింటూ నేను ఫొటో పలకలు మార్చాలి. నలభై ఏడు దాకా బాగానే అరిచావు. తర్వాత నోరు పడిపోయిందా? ఆరు పలకలూ ఖాళీ! నా కొంప ముంచి, ఇప్పుడు మంచి ముక్కలు కావాలా?

ఆంబ్రోజ్ థాక్‌వెల్

తా.క.: బొబ్బలు మానలేదు.

లింకన్, ఆగస్టు 13

అయ్యా,

ఎంత మాటన్నారు! రెండొందల మూడు దాకా లెక్కపెట్టాను. మన సామాను మోసిన కంచరగాడిద పక్కనే అదే పనిగా ఓండ్రపెట్టింది, నా గొంతు మీకు వినపడలేదేమో. దాని పాపం నా నెత్తిన రుద్దకండి.

విధేయుడు,
పార్జెటర్

తా.క.: మొదటి పలక ముప్పయ్యో సెకనుకే మార్చారు కదా. అప్పటికి నేను అరుస్తూనే ఉన్నాను. మరి అదెందుకు ఖాళీ?

విట్బీ, సెప్టెంబరు 10

ఓయి పార్జెటర్,

ఆడలేక మద్దెల ఓడంటావా! ఆ ఊరి చర్చి ఫాదరుకు రాశాను, జవాబొచ్చింది. చీకటి పడగానే రాత్రయిందనుకుని ఆ కంచరగాడిద కాళ్లు ముడిచి పడుకుందట, కిక్కురుమనలేదట. ఊరంతా సాక్ష్యం. నోరులేని జీవం మీద నింద వేస్తావా? ఉండు, వేధశాలవాళ్లకు నేనే రాస్తాను.

థాక్‌వెల్

తా.క.: మొదటి పలక సంగతి నీకనవసరం.

ఇంకో తా.క.: దాని పేరు పలోమా. క్షమాపణ చెప్పు.

లింకన్, సెప్టెంబరు 14

అయ్యా,

కంచరగాడిద సంగతి అబద్ధమే. తొమ్మిదేళ్ల కిందట నార్వే గ్రహణానికీ మీకు లెక్కపెట్టింది నేనే. అప్పుడూ సూర్యుడికి వీపే చూపించాను. ఈసారి నా ఎదురుగా బట్టలుతికే మనిషి ఒకామె నిలబడింది. నలభై ఏడు దగ్గర ఆమె మొహం కంటబడింది. నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, చెంపల మీద కన్నీళ్లు. నా వెనకేముందో చూద్దామని తిరిగాను. అంతే, అంకెలన్నీ మరిచిపోయాను. మీ పలకలు పాడుచేసినందుకు సిగ్గుగా ఉంది. తిరిగి చూసినందుకు మాత్రం లేదు. సిఫారసు వద్దు, ఎక్కాలే చెప్పుకుంటాను.

పార్జెటర్

తా.క.: పలోమాకు క్షమాపణ రాశాను. చదివి వినిపించమని ఫాదరును కోరాను.

విట్బీ, సెప్టెంబరు 18

నాయనా ఎడ్విన్,

నీ మొదటి పలక ప్రశ్న నెల రోజులుగా నన్ను కుదురుగా టీ తాగనివ్వలేదు. నిన్న టెలిస్కోపు పెట్టె విప్పాను. టెలిస్కోపు ముందు అద్దానికి మూత అలాగే ఉంది! బయల్దేరేముందు నేనతికించిన మైనం కూడా చెక్కుచెదరలేదు. నువ్వు వెయ్యి దాకా లెక్కపెట్టినా ఆ పలకల మీద పడేది చీకటే. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను.

ఇంకో మాట. నీ గొంతు ఆగగానే తిడదామని తలెత్తాను. నువ్వు వెనక్కి తిరిగి పైకి చూస్తున్నావు. నేనూ అటే చూశాను. ముప్పై ఏళ్లుగా గ్రహణాల మీద పాఠాలు చెబుతున్నాను, నార్వేలోనూ పరికరం మీంచి తలెత్తలేదు, కళ్లారా చూడటం అదే మొదలు. ఏడ్చానయ్యా. నువ్వు చూశావేమోనన్న సిగ్గుతోనే ఇంత ఎగిరాను.

వేధశాలవాళ్లకు రాస్తానన్నాను కదా, రాశాను. "నలభై ఏడు దాకా ఇతని లెక్కకు తిరుగులేదు. ఆ తర్వాత ఇతని చూపుకు తిరుగులేదు" అని. వచ్చే నెల చేరమని నీకు కబురొస్తుంది.

నీ ఆంబ్రోజ్ థాక్‌వెల్

తా.క.: వచ్చే గ్రహణానికి లెక్కపెట్టే పని పలోమాకిద్దాం. మన బృందంలో ఆకాశం వంక చూడనిది అదొక్కటే.