మా గ్లైకోన్‌కి పెద్దరికం

పానెమోస్ నెల, 3

మా క్రైస్తవ సంఘపు పెద్దల్లో ఒకరైన మెట్రోడోరోస్ తాతను పాతిపెట్టి నలభై రోజులైంది. ఆయన స్థానంలో ఇంకొకరిని నిలబెట్టాలి. ఇవాళ కూటంలో మా ఆయన పేరు వచ్చింది. గ్లైకోన్! ఉన్నికి రంగులు వేసే మనిషి. మంజిష్ఠ వేళ్ళ రంగు పట్టి మోచేతుల దాకా ఎర్రగా ఉంటాడు. పేరు వినగానే కూర్చున్నచోటే ముడుచుకుపోయాడు. నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. వెంటనే భయం పట్టుకుంది.

ఈ మైనపు పలక మీద ఏం రాసుకున్నా పరవాలేదు. ఆయనకి చదువు రాదు.

పానెమోస్ 5

నది అవతలి ఊరి నుంచి ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ అధ్యక్షుడు జోతికోస్ వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తున్నాడు. గ్లైకోన్ తాగుతాడా, చెయ్యి చేసుకుంటాడా, అతిథి వస్తే తలుపు తీస్తాడా అని. విగ్రహాలకు మొక్కే పొరుగువాళ్ళనూ వదల్లేదు. పక్కింటి తోళ్ళవాడు, "మంచోడే గానీ, వాడి రంగునీళ్ళన్నీ నా వాకిట్లోకే వస్తాయి" అన్నాడట.

నన్నూ అడిగాడు, మీ ఆయనకి కోపం ఉందా అమ్మా అని. "ఉందండీ, రంగు పట్టని ఉన్ని మీద" అన్నాను. నవ్వాడు. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అన్నాడు. లేదన్నాను.

అబద్ధం.

పానెమోస్ 6

రేపటి ఎంపిక కోసం అందరికీ ఉపవాసం. రాసేస్తాను.

పదకొండేళ్ళ క్రితం గవర్నరు మనుషులు గ్లైకోన్‌నీ, మా సంఘంలోనే ఉండే మెనోగెనెస్‌నీ పట్టుకెళ్ళారు. చక్రవర్తి బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వెయ్యమన్నారు. వేస్తే ప్రభువును కాదన్నట్టే. మెనోగెనెస్ వెయ్యనన్నాడు. కొన్నాళ్ళు చెరలో ఉంచి చంపేశారు. గ్లైకోన్ వేశాడు. నాకప్పుడు ఏడో నెల. దయతలచి వదిలేశారని సంఘం అనుకుంది. మేం కాదనలేదు. అప్పట్నుంచీ మెనోగెనెస్ భార్య బాబేయిస్ అవ్వ ఇంటికి రోజూ నీళ్ళు మోస్తున్నాడు.

రేపు అందరి ముందూ చెప్పేస్తానన్నాడు. "నిన్నెవరడిగారు?" అని అరిచాను. నా వీపు నిమిరాడు.

పానెమోస్ 7, ప్రభువు దినం

అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అన్నాడు జోతికోస్. "నాకుంది" అని గ్లైకోనే లేచాడు. అంతా చెప్పాడు. ఏ చేత్తో వేశాడో కూడా. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

బాబేయిస్ అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "ఈ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందట్రా నీకు!" అంది. చెరసాలకి చూడ్డానికి వెళ్తే మెనోగెనెస్ అప్పుడే చెప్పాడట, వాడి పెళ్ళాం కడుపుతో ఉంది, వాడి మీద కోపం పెట్టుకోకు అని. "పెట్టుకున్నా. మూడేళ్ళు పెట్టుకున్నా. వీడు తెచ్చిన నీళ్ళు వీడు వెళ్ళగానే పారబోశా. మర్నాడు మళ్ళీ తెచ్చేవాడు సన్నాసి. చివరికి నాకే విసుగొచ్చి తాగా. నా చెయ్యి వీడికే."

ఎత్తింది. తర్వాత ఒక్కొక్కటిగా అన్ని చేతులూ లేచాయి. నాదే ఆఖరు.

జోతికోస్ తల వంచుకున్నాడు. ప్రాణం ఇచ్చినవాడే క్షమించాక కాదనడానికి నేనెవర్నయ్యా అన్నాడు. గ్లైకోన్ మోకరించాడు. పెద్దలంతా తల మీద చేతులుంచి ప్రార్థించారు. అవ్వ కూడా వాళ్ళ మధ్యలోకి దూరి తన చెయ్యి పెట్టింది. అది పద్ధతి కాదు. జోతికోస్ చూశాడు, కళ్ళు మూసుకున్నాడు.

పానెమోస్ 8

పొద్దున్నే ఇద్దరొచ్చారు, మేక నాదంటే నాదని. మా కొత్త పెద్దగారు గెడ్డం నిమురుకుంటూ అంతా విన్నారు. తర్వాత మెల్లగా వంటింట్లోకొచ్చి, ఏం చెప్పమంటావే అని అడిగారు. చెప్పాను.

తీర్పు బాగుందన్నారట ఇద్దరూ.